వేపకొమ్మ కట్టని ఇల్లు

మొన్న మా మనవరాలు ముఖమంతా వేపాకు ముద్ద పూసుకుని, కళ్ళు రెండూ మాత్రం మిగుల్చుకుని, జాతరలో అమ్మవారిలా ఎదురొచ్చింది. "అందం కోసం తాతా" అంది. "అలాగైతే చారెడుతో ఏమవుతుందే, బండెడు తోలించు" అన్నాను. అది నవ్వింది. నేను మాత్రం ఆ పచ్చి చేదు వాసన ముక్కుకు తగలగానే వీధి అరుగు మీదికి వెళ్ళి కూర్చున్నాను.

మాది విజయనగరానికీ భోగాపురానికీ నడుమ మెట్ట ఊరు. అరవయ్యో దశకం ముగుస్తున్న రోజులు. ఎండలు ముదిరేసరికి గంటిచేలు, అదే సజ్జచేలు, బోసిపోయేవి, జీడితోటల్లో పళ్ళు రాలి పులిసిన వాసన ఊళ్ళోకి వచ్చేది, పొద్దున్నే చోడి అంబలిలోకి ఉల్లిపాయ నంజుకుని బయలుదేరితే ముంజెలు, ఈతపళ్ళు, గోళీకాయలు, తన్నులు అన్నీ ముగించుకుని ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళయ్యేది. నాకు జోడు పక్కింటి సూరమ్మత్త కొడుకు నూకరాజు. ఆమెకు వాడొక్కడే. మేకలు కాసేవాడు కనుక బడి మెట్లెక్కలేదు. ఆ అదృష్టానికి నేను రోజూ కుళ్ళుకునేవాడిని.

ధర్మం నాకు రుచిని బట్టి తెలిసేది. ఏమొచ్చినా సరే అబద్ధమాడరాదని మా మేష్టారు బెత్తం సాక్షిగా చెప్పి, పాలపొడి కలిపిన నీళ్ళు గ్లాసుడు పోయించేవారు. ప్రాణం మీదికొచ్చిన వేళ బొంకినా పాపం లేదని పురాణం పంతులుగారు సెలవిచ్చి వడపప్పు పెట్టేవారు. ఎదుటివాడు నీకేం చెయ్యాలనుకుంటావో అదే నువ్వు వాడికి చెయ్యమని పేటలోని పాస్టరుగారు చెప్పి, రొట్టె ముక్క చేతిలో పెట్టేవారు. గిన్నెలకు కళాయి పూసే సాయిబు పీర్ల పండక్కి మలీదా పంచుతూ, దేవుడు నోటిమాట కాదు, మనసులో ఉన్నది చూస్తాడనేవాడు. నాలుగూ తిని మూతి తుడుచుకున్నాను. ఒకదానికొకటి పడవని అప్పటికి తెలియదు.

ఇవి కాక, ఎవరూ ఉపన్యాసం చెప్పని ధర్మం ఒకటి మా ఊళ్ళో ఉండేది. ఏ ఇంట్లోనైనా పెద్దమ్మవారు, అంటే మశూచి, పోస్తే ఆ ఇంటివాళ్ళు చూరుకు వేపకొమ్మ కట్టేవారు. ఆ ఇంట్లో పోపు వెయ్యరు, నూనె గిన్నె ముట్టరు, తల దువ్వరు. కొమ్మను చూసినవాడు గుమ్మం తొక్కడు. చదువురానివాడికి కూడా అర్థమయ్యే నిజం అది.

అయితే టీకాలాయన ఆ కొమ్మలను బట్టే ఇళ్ళు పోల్చుకోవడం మొదలుపెట్టాడు. కొమ్మ ఉన్న ఇంట్లో రోగిని ఊరవతల పాకకు తరలించి, చుట్టుపక్కల వీధంతటికీ సూదులు పొడిచేవాడు. అంతకుముందు ఏడు అలా వెళ్ళిన ఒక పిల్ల తిరిగి రాలేదు. దానితో జనం కొమ్మలు కట్టడం మానేశారు.

ఆ వేసవిలో మా చెల్లి చిట్టికి పోసింది. దానికి నాలుగేళ్ళు. మమ్మల్ని పెంచుతున్న మామ్మ దాన్ని నడిమింట్లో వేపాకుల మీద పడుకోబెట్టి, చూరుకు మాత్రం ఏమీ కట్టలేదు. "ఒరే గుంటడా, ఎవులడిగినా నేదని సెప్పు. సెప్పినావంటే మన గుంటని ఆ పాకకి అట్టికెలిపోతారు" అంది. నాకు బడిలో టీకా వేశారు కనుక నన్ను బయట తిరగనిచ్చింది.

మర్నాడే టీకాలాయన సైకిలు దిగి, మీ ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడిగాడు. "ఉంటే మా మామ్మ కొమ్మేటండీ, సెట్టే పెరికి కట్టీది" అన్నాను. ఆయన నవ్వి, నా నెత్తి మీద చెయ్యి వేసి వెళ్ళిపోయాడు.

రెండు రోజుల తరువాత సూరమ్మత్త గోడ మీంచి పిలిచింది.

"ఏట్రా, మీ ఇంట్లోంచి తాలింపు వాసనే రాట్నేదు? ఒంట్లో బావున్నారా?"

"మా మామ్మకి పిసినారితనం ముదిరిపోనాది అత్తా. నూనె సీసాకి దండం పెట్టి తింతన్నాం."

అత్త పగలబడి నవ్వింది. నాకెంత గర్వమో! కాసేపటికి నేను చెరువుకు వెళ్ళి వచ్చేసరికి నూకరాజు మా నడిమింట్లో ఉన్నాడు. చేతిలో చేపలపులుసు గిన్నె. "మా యమ్మ ఇమ్మంది. సిట్టి ఏటిరా ఇలాగున్నాది?" అని దాని నుదుటి మీద చెయ్యి వేసి చూస్తున్నాడు.

మామ్మ వాడిని బయటికి తోసి, ఎవరితోనూ అనొద్దని ఒట్టు వేయించుకుంది. వాడు ఒట్టు తప్పలేదు. పన్నెండో నాడు వాడికి జ్వరం వచ్చింది. చిట్టికి పొక్కులు మాడి రాలుతున్న రోజుల్లోనే నూకరాజును తాటాకు చాపలో చుట్టి వల్లకాటికి తీసుకెళ్ళారు. వాడికి పొక్కులు లేచిన నాడే సూరమ్మత్త చూరుకు పెద్ద కొమ్మ కట్టింది. ఆమె ఎవరి దగ్గరా దాచలేదు.

నెల తరువాత సాయిబు కొలిమి ఊదుతుంటే పక్కన చతికిలబడి, ఎవరి సంగతో చెబుతున్నట్టు, ఒకడు చెల్లిని కాపాడుకోవడానికి అబద్ధమాడితే గోడకవతలివాడు చచ్చిపోయాడనీ, అది పాపమా కాదా అనీ అడిగాను. సాయిబు తిత్తి ఆపేశాడు.

"నన్నడుగుతావేటిరా? ఆ తల్లికి సెప్పినావా?"

చెప్పాను. అత్త కల్లంలో చాట పట్టుకుని గంటి గింజలు చెరుగుతోంది. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆమె చాట కింద పెట్టింది.

"నవ్వుతా సెప్పినావు కదరా" అంది. "నానూ నవ్వీసినాను."

అంతే. మళ్ళీ చాట తీసుకుంది. బళ్ళు తెరిచాక ఐదో తరగతిలో మేష్టారు పలక మీద నీతివాక్యం రాయమంటే దాన్ని అక్కడే పెట్టి లేచి వచ్చేశాను. మామ్మ ఎంత తిట్టినా మళ్ళీ బడికి పోలేదు. నూకరాజు కాసిన మేకలను రెండేళ్ళు నేనే కాశాను.

ఆ రోగం లోకంలోనే లేకుండా పోయిందంటారు, మంచిదే. స్ఫోటకం మచ్చల ముఖాలు సంతలో వెతికినా కనబడవు. మా కల్లాల మీదుగా రోడ్డు పడింది. గోడలు ఎంత ఎత్తు లేచాయంటే, పక్కింట్లో పొయ్యి వెలిగిందో లేదో ఎవరికీ పట్టదు.

చిట్టి బొబ్బిలిలో ఉంది. మచ్చల ముఖంతోనే ముగ్గురిని కని, మనవలనెత్తింది. పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ కలిసినప్పుడల్లా నా భుజం పట్టుకుని పదిమందికీ చూపిస్తుంది: "ఆ దినం మాయన్న అబద్ధమాడబట్టి నాను బతికినాను." అందరూ మెచ్చుకోలుగా నా వంక చూస్తారు, నేనేదో హాస్యమాడతానని కాచుకుని ఉంటారు.

అప్పుడది నాలుగేళ్ళ పిల్ల, జ్వరంలో ఉంది. నుదుటి మీద చెయ్యి వేసినవాడెవడో దానికి గుర్తు లేదు. నేను చెప్పలేదు.