హారన్ల శాంతికుమార్ కొన్న పికప్పులు

సాలూరు బైపాసులో లారీలకు హారన్లు బిగించే శాంతికుమార్‌ని ఎరగని డ్రైవరు లేడు. ఘాట్ రోడ్డు మలుపుల్లో ఎదుటి బండివాడికి ముందే వినపడాలంటే ఆ హారను శాంతికుమార్ చేతిది కావాల్సిందే అని వాళ్ళ నమ్మకం. అతను హారను బిగించి ఒక్కసారి నొక్కి చూపించాడంటే పక్కనున్న టీకొట్టులో గ్లాసులు కదిలేవి. టీకొట్టు సోములు అమ్మనాబూతులూ తిట్టేవాడు. ఆ తిట్లు వింటే శాంతికుమార్‌కి కడుపు నిండిపోయేది. ఇలాంటి మనిషికి దేవుడు ఆదివారం పూట ఏ పని అప్పజెప్పాడయ్యా అంటే, బాప్టిస్టు చర్చిలో బేస్ గిటారు వాయించడం. అదీ ఎవరికీ వినపడని బేస్ గిటారు.

ఆ గిటారు అతనికి పెళ్ళయిన కొత్తలో విజయనగరంలో మూతపడిన ఒక ఆర్కెస్ట్రా వాళ్ళ దగ్గర దొరికింది. పాటకు అడుగున లావుగా మోగే ఈ బేస్ గిటారుకు తీగల కింద పికప్పులని ఉంటాయి. అయస్కాంతం చుట్టూ సన్నటి రాగి తీగ చుట్టి ఉంటుంది, అంతే. తీగ కదిలితే ఆ కదలికను పట్టుకుని సౌండు పెట్టెకు పంపేది అదే. శాంతికుమార్ గిటారులో ఆ పికప్పులు కొన్నప్పుడే సగం చచ్చి ఉన్నాయి. మిగతా సగం చర్చి చెమ్మకు పోయింది. "బేసన్నది ఉన్నప్పుడు తెలీదు తమ్ముడూ, లేనప్పుడు తెలుస్తాది" అని అమ్మినవాడు చెప్పిన మాట పట్టుకుని మనవాడు పద్దెనిమిదేళ్ళు నెట్టుకొచ్చాడు.

ఆ మాట కూడా ఒకనాడు పోయింది. 2015 అక్టోబరులో శాంతికుమార్‌కి జ్వరమొచ్చి ఆదివారం మంచం దిగలేదు. బుధవారం షెడ్డు తెరిచాడో లేదో, చర్చి సంఘం కోశాధికారి అబ్రహాం స్కూటరు ఆపి మరీ మెచ్చుకున్నాడు. "ఏటిరా, మొన్నాదివారం గిటారు అదరగొట్టీసినావు!"

శాంతికుమార్ చేతిలో స్క్రూడ్రైవరు చేతిలోనే ఉండిపోయింది. నేను రాలేదని చెప్పబోయి మానేశాడు. థాంక్సన్నా అన్నాడు.

గాయం మీద కారం చల్లడానికా అన్నట్టు, ఆ వారమే బావ ఎజ్రా ఇంటికొచ్చాడు. ఎజ్రా శాంతికుమార్ భార్య మెర్సీకి అన్న, చర్చిలో పాటల మాస్టరు. అతని కూతురు రూబీ విశాఖపట్నంలో కీబోర్డు నేర్చుకుని, స్వరాలు పుస్తకంలో చూసి వాయించడం వచ్చి, కొత్త కీబోర్డుతో దిగింది.

"బావా, మరేటనుకోకు" అన్నాడు ఎజ్రా, టీ ఊదుకుంటూ. "రూబీ కీబోర్డులో ఎడమ పక్క బేసు కూడా ఉన్నాదంట. క్రిస్మస్ వరకూ వాయించు. తరవాత నువ్వు కూకుని ఆయిగా పాడుకో."

శాంతికుమార్ నవ్వేశాడు గాని, ఆ రాత్రి అన్నం సహించలేదు. పద్దెనిమిదేళ్ళు వాయించినవాడిని తీసేస్తే ఒక్కరైనా అయ్యో అనాలి కదా. అనాలంటే ముందు వినపడాలి. క్రిస్మస్ లోపల ఒక్కసారి వినపడితే చాలు, ఎజ్రా కాదు కదా వాడి తాతైనా తనని తీయలేడు. పికప్పులు మార్చాలి. అంతే.

శనివారం విజయనగరం బస్సెక్కాడు. క్రిస్మస్ చీరలు చూసుకోవచ్చని మెర్సీ కూడా ఎక్కింది. సంగీత వాయిద్యాల కొట్టు భాస్కర్ మంచివాడు. రెండు రకాల పికప్పులు పెట్టిన రెండు గిటార్లు గోడ మీంచి దించి, రెండూ వాయించి చూసుకోమన్నాడు.

శాంతికుమార్ మొదటి ప్రశ్న తన వృత్తికి తగ్గట్టే ఉంది. "ఇది ఎంత దూరం ఇనపడతాది?"

"దూరమేటన్నా?"

"మావి కిలోమీటరు ఇనపడతాయి."

"ఇది లారీకి కట్టీది కాదన్నా" అని భాస్కర్ ఓపిగ్గా విడమరిచాడు. "ఇదిగో, దీన్లో రెండు రాగి తీగ చుట్టలుంటాయి. గుయ్యిమని రొద పెట్టదు. శబ్దం మెత్తగా, గుండ్రంగా వస్తాది. సెయ్యి కాస్త తప్పినా కప్పీస్తాది. ఇంకోటి ఒక్క చుట్టది. కూసింత రొద ఉంటాది గాని నికార్సు. ఏది వాయిస్తే అది బయటపెట్టీస్తాది. మీ సెయ్యి ఎలాటిదో మీకే తెలియాల."

"కప్పీసీదే తీసుకోండి" అంది మెర్సీ వెంటనే. "మనకెందుకొచ్చిన గొడవ."

ఎప్పుడూ భార్య మాట జవదాటని మనిషి ఆ మాటకి చురుక్కుమన్నాడు. "నా కాడ కప్పీడానికి ఏటున్నాదే? పద్దెనిమిదేళ్ళ సెయ్యి!" అని ఒక్క చుట్ట పికప్పున్న గిటారు ఒళ్ళో పెట్టుకుని, ప్రతి ఆదివారం కానుకలు పట్టేటప్పుడు పాడే పాట మొదలుపెట్టాడు. భాస్కర్ జన్మలో చర్చికి వెళ్ళినవాడు కాడు. ఆ పాట ఎలా ఉండాలో అతనికేం తెలుసు? "బాగున్నాదన్నా, బెమ్మాండం" అన్నాడు. మెర్సీ ఇంక చీరల కొట్టు వైపు చూస్తూ కూర్చుంది. నికార్సువే తీసుకున్నారు.

ఇంటికొచ్చి పాత పికప్పులు పీకి, కొత్తవి పట్టకపోతే చెక్కను ఆకురాయితో అరగదీసి, హారను వైర్లు అతికే చేత్తోనే వాటినీ అతికాడు. పని అయ్యాక పిల్లాణ్ణి తొట్లో పెట్టినంత జాగ్రత్తగా గిటారును సంచిలో పెట్టాడు.

అతను గిటారుతో చేరేసరికి ఆదివారం ఆరాధన అయిపోయి, సంఘమంతా క్రిస్మస్ ప్రాక్టీసుకి కూర్చుంది. ఎజ్రా చేతులెత్తాడు, రూబీ కీబోర్డు అందుకుంది, కానుకల పాట లేచింది. శాంతికుమార్ తీగ మీటాడు. ఆ శబ్దం ఆడవాళ్ళ బెంచీల కింద నుంచి పాకి గోడలకు తగిలింది. అబ్రహాం ఉలిక్కిపడి మైకు చూశాడు. శాంతికుమార్‌కి ఒళ్ళు పులకరించింది. పల్లవి చివరికొచ్చేసరికి ఎజ్రా చేతులు గాల్లో ఆగిపోయాయి.

"బావా, అక్కడ నువ్వేటి వాయించినావు?"

"రోజూ వాయించీదే."

"మళ్ళీ వాయించు."

వాయించాడు. పల్లవి చివర స్వరం పైకి లేవాలి. శాంతికుమార్ గిటారు నిక్షేపంగా కిందికి దిగింది. నికార్సు పికప్పు కదా, ఏ దాపరికమూ లేకుండా దిగింది.

"ఓర్నాయనా! ఇన్నేళ్ళూ ఇలాగే దిగిపోతన్నావేటి?" అన్నాడు ఎజ్రా. చర్చి ఘొల్లుమంది. అబ్రహాం అందరికంటే గట్టిగా నవ్వాడు. శాంతికుమార్ చెవులు కాలిపోయాయి. వినపడాలని అన్నం మానేసి కోరుకున్నాడు. తీరా వినపడి, తన తప్పే ఊరందరికీ వినపడింది. గిటారు అక్కడ పెట్టి లేచిపోదామనిపించింది.

"పుస్తకంలో ఉన్నట్టు వాయించు మావా, పైకి" అంది రూబీ మెల్లిగా, స్వరం చూపిస్తూ. శాంతికుమార్ తలవంచుకుని పైకి వాయించాడు. ఎజ్రా చెయ్యి ఊపాడు, సంఘం మళ్ళీ పాడింది.

పల్లవి చివర పాట ముక్కలైపోయింది. రూబీ, గిటారు పైకి పోయారు. సంఘం మొత్తం కిందికి దిగింది. ముందు బెంచీలో ముసలి అప్పలమ్మ పాట ఆపేసి గట్టిగా అంది. "ఓలమ్మ, పాట మార్చీసినారేటి?"

"మార్చలేదమ్మా, ఇదే అసలు పాట. ఇనండి" అని ఎజ్రా గొంతు సవరించుకుని, వాయిద్యాలన్నీ ఆపించి తానే పాడి చూపించాడు. పల్లవి చివర ఎజ్రా గొంతు కమ్మగా కిందికి దిగింది.

"నానా, నువ్వూ దిగీసినావు" అంది రూబీ.

ఎజ్రా మళ్ళీ పాడాడు. మళ్ళీ దిగాడు. మూడోసారి కనుబొమలు పైకి లేచాయి గాని గొంతు లేవలేదు. "నాకూ నోటికి కిందికే వస్తాది నానా, వేళ్ళే పైకి ఎల్తన్నాయి" అని రూబీ నవ్వు ఆపుకోలేక కీబోర్డు మీదకి వాలిపోయింది.

ఎజ్రా బెంచీ అంచున కూలబడ్డాడు. "పోయినేడు పాతపట్నం మహాసభల్లో మిగతా సంఘాలోళ్ళు పైకి పాడితే మనం నవ్వలేదేటి, పాపం వాళ్ళకి పాట రాదని?"

అందరికీ మెల్లిగా అర్థమైంది. ఆ గిటారు సౌండు పెట్టె పద్దెనిమిదేళ్ళుగా ఆడవాళ్ళ బెంచీల పక్కనే ఉంది. చివర గొంతు ఎటు పోవాలో తెలియనప్పుడు వాళ్ళు కింద నుంచి సన్నగా వచ్చే ఆ మోత వెంటే పోయారు. వాళ్ళ వెంట పిల్లలు, పిల్లల వెంట మగవాళ్ళు, అందరి వెంటా పాటల మాస్టరు. గిటారు విన్నామని ఒక్కరికీ తెలియదు, అంతే.

శాంతికుమార్ ఏడ్చేశాడు. సిగ్గో సంతోషమో అతనికే తెలియలేదు. హారన్లు బిగించే చేత్తో మొహం తుడుచుకుని, "ఇప్పుడేటి సేద్దాం బావా?" అన్నాడు.

బాప్టిస్టు సంఘంలో ఏది తేల్చాలన్నా చేతులెత్తడమే. గోడల రంగు దగ్గర్నుంచి బిర్యానీలో గుడ్డు దాకా అలాగే తేలుతుంది. ఎజ్రా లేచి అడిగాడు. పుస్తకంలో ఉన్నట్టు పాడదామనేవాళ్ళు? ఎవరూ ఎత్తలేదు. రూబీ సగం ఎత్తి దించేసుకుంది. మనం పాడుకున్నట్టే పాడదామనేవాళ్ళు? అప్పలమ్మ రెండు చేతులూ ఎత్తింది.

"అయితే రూబీ" అన్నాడు ఎజ్రా, "రేపట్నించి మావకాడ కూకుని నేర్సుకో. నీ కీబోర్డులో ఈ పాట నేదు."

పాట మళ్ళీ లేచింది. శాంతికుమార్ గిటారు మీది మీట సగానికి తిప్పేశాడు. ఇంక అంత శబ్దం అతనికి అక్కర్లేకపోయింది. పల్లవి సగంలో ఆడవాళ్ళ బెంచీల్లోంచి మెర్సీ లేచి నిలబడింది.

"ఏటండీ, ఇనపడ్డం నేదు. పెంచండి!"