మిరియం బావది, ఉప్పు నాది

ఒప్పందంలోని లాభాన్ని బావకు అమ్మేసి, బరువును మాత్రం భద్రంగా తన నెత్తిమీదే ఉంచుకున్న వ్యాపారి ఈ అరకులోయలో నేను కాక ఇంకెవరైనా ఉంటే చూపించండి, నా కొట్టు తాళాలు వాళ్ల చేతిలో పెట్టేస్తాను. తక్కెడ పక్కన ఉయ్యాలలో పెరిగినదాన్ని, కొసరు అడగకుండా కొత్తిమీర కట్ట కూడా కొననిదాన్ని, అంత పని తెలివితక్కువగా చేశానంటే మీరు నమ్మరు. నిజమే, తెలివిగానే చేశాను.

మొన్న సంత రోజున పెద్దమ్మ మనవరాలు వచ్చి ఫోను నా ముందు పెట్టకపోతే ఇదంతా తవ్వుకునేదాన్ని కాదు. వాళ్ల కాఫీ గింజలు మూడేళ్లు కొంటామని, ఆరబెట్టుకునే టార్పాలిన్ పట్టాలు, కాఫీ పళ్ల తొక్క తీసే యంత్రం మరమ్మతు తమ బాధ్యతేనని సంతకం పెట్టిన కంపెనీ, ఆ ఒప్పందాన్ని ఇంకో కంపెనీకి బదిలీ చేశామని, మీరేమీ చేయనక్కర్లేదని రెండు ముక్కల్లో కబురు పెట్టింది. ఏమీ చేయనక్కర్లేదన్న మాట చదవగానే నా ఎడమ మోకాలు సలిపింది.

ఆ పెద్దమ్మ నాకు చుట్టం కాదు. పెదబయలు వైపు జీపు దారి ఆగిపోయాక రెండు గెడ్డలు, అవే కొండవాగులు, దాటితే వచ్చే ఊళ్లో, మిరియాల తీగలున్న మనిషి. నాన్న పోయి కొట్టు నా చేతికి వచ్చిన కొత్తలో, ఆ ఊరి మిరియాలు మూడేళ్లు నాకే అమ్మేట్టు పెద్దమ్మ చేత కాగితం రాయించుకున్నాను. కొనేది 'నేను గానీ, నేను చూపినవారు గానీ' అని పెట్టించిందీ నేనే. ఆ రోజుల్లో మా వ్యాపారస్తులకు ఒక అలవాటుండేది, షావుకారికి రావలసింది కాగితం మీద ఉండేది, షావుకారు చేయవలసింది నోటి మీద ఉండేది. నేను నోటితో ఒప్పుకున్నదేమిటంటే, ఏటా గెడ్డలు పొంగి దారి మూసుకుపోకముందే ఆ ఊరికి వానాకాలమంతా సరిపడే ఉప్పు, కిరసనాయిలు, ఎండుచేపలు పైకి చేర్చాలి. ఆవిడ మిరియం ధర తగ్గించింది అందుకే.

మొదటి ఏడు చక్కగా గడిచింది. ఆపైన రైలు దిగే యాత్రికులకు చల్లటి సోడాలు అమ్మాలని నాకు ఫ్రిజ్ మీద మోజు పుట్టింది. కొండ కింద టోకు వ్యాపారం చేసే మా అక్క మొగుడు, మిగిలిన రెండేళ్ల కాగితం తనకు రాసిమ్మన్నాడు. ఆయన రెండుసార్లు లేచి వెళ్లిపోయేలా బేరమాడి, రెండుసార్లూ వెనక్కి పిలిచి, ఫ్రిజ్ ధర రాబట్టాను. కొండెక్కి పెద్దమ్మను ఒక మాట అడగాలన్న ఆలోచన మాత్రం మా ఇద్దరిలో ఎవరికీ రాలేదు.

వేసవి రాకముందే బావ మనుషులు మిరియాలు దించుకుపోయారు. తొలి వాన పడింది, ఉప్పు మాత్రం పైకి వెళ్లలేదు. సంత రోజున పెద్దమ్మ వచ్చి ఖాళీ బుట్టను నా కొట్టు మెట్టు మీద పెట్టి, దాని పక్కన కూర్చుంది. తిట్టి ఉంటే బాగుండేది, తిట్లకు నా దగ్గర ఎప్పుడూ సరుకుంటుంది.

"మీ బావకి ఇచ్చీసినావంట కదే గుంటా. ఇచ్చీసుకో. నా ఉప్పేది?"

అది ఇక మా బావ చూసుకోవాలన్నాను.

"ఆడెవుడో నానెరగను. ఆడి మొకం సూసి ధర తగ్గించినానేటి?"

బావకు టెలిఫోను చేశాను.

"కాయితంలో ఉప్పు రాసుందేటి, మరదలా? బేగి సూసి సెప్పు."

"మిరియం పట్టుకుపోయినావు. ఉప్పు లేకండా ఏటి వండుకుంటావు బావా?"

"ఉప్పు నీ వంతు."

కాగితం తిరిగి కావాలంటే రెట్టింపు ఇమ్మన్నాడు. ఇవ్వనన్నాను. ఇంకో గట్టి వాన పడితే దసరా దాటేదాకా ఆ ఊరు ఉప్పు లేని గంజి తాగాలి. బావను కోర్టుకీడ్చమన్నవాళ్లు, పెద్దమ్మకు నచ్చజెప్పమన్నవాళ్లు బజారు నిండా ఉన్నారు. హక్కు నాది కనుక అమ్ముకున్నాను, మాట ఆవిడకిచ్చింది కనుక ఆవిడ వదిలితే తప్ప అది నన్ను వదలదు. ఇంత చిన్న సంగతి అర్థం కానివాళ్లు నవ్వుకోనీ అని, ఆ మధ్యాహ్నమే జీపు మాట్లాడాను. దారి ఆగిన చోట కావిళ్లు మోసేవాళ్లు ఇద్దరే దొరికారు, మిగిలిన ఉప్పు మూట నేనే నెత్తికెత్తుకున్నాను. రెండో గెడ్డలో జారి మోకాలు రాయికి కొట్టుకుంది, చెప్పొకటి నీళ్ల పాలయింది, మూట మాత్రం తడవనివ్వలేదు. షావుకారి గుంట మోత కూడా నేర్చిందే అని పెద్దమ్మ అవతలి ఒడ్డున నిలబడి నవ్వింది. మరుసటి ఏడూ అంతే, మిరియం బావ తీసుకున్నాడు, ఉప్పు నేను మోశాను.

గడువు తీరాక ఆవిడ మనసు కరిగి మిరియాలు నా ఒళ్లో పోసిందనుకోకండి. బావ ఎంతిస్తానన్నాడో అంతా నా దగ్గర కక్కించి, పైన ఉప్పును కూడా కాగితంలో రాయించి గానీ వేలిముద్ర వేయలేదు.

అందుకే మొన్న మనవరాలి చేత జవాబు రాయించాను. ఈ బదిలీకి మేం ఒప్పుకోలేదు, కొత్తవాళ్లు కొండెక్కి పట్టాలు, మరమ్మతు మావేనని ఊరి ముందు సంతకం పెట్టేదాకా మాకు జవాబుదారులు మీరే అని.

"ఆళ్లు రాకపోతే, మామ్మా?"

"రాకపోతే గింజ గడప దాటదు."

జవాబింకా రాలేదు. ఆ రోజుల్లో మాట తప్పితే ఖాళీ బుట్టతో వచ్చి కూర్చోవడానికి ఒక మెట్టుండేది, ఆ మెట్టు మీద కూర్చున్న మనిషిని దాటుకుని కొట్టు మూయడం ఎంత గట్టి షావుకారికైనా కష్టమయ్యేది. ఫోనులోంచి కబురు పంపేవాళ్ల మెట్టు ఎక్కడుందో ఈ పిల్లకు నేను చూపించలేను.

ఇక నా బిల్లు. వచ్చింది ఒక ఫ్రిజ్, నాలుగు వేసవులు పనిచేసింది. పోయినవి రెండు వానాకాలాల ఉప్పు, కిరసనాయిలు, ఎండుచేపలు, రెండు జీపు కిరాయిలు, జత చెప్పులు, ఒక మోకాలు, బావతో ఆరేళ్ల మాటలు. తీసివేస్తే నష్టమే. మోసిన ఉప్పును మంచితనం కింద జమ కట్టుకుందామని చాలాసార్లు చూశాను, కుదరలేదు. అది నేను ముందే ఒప్పుకున్న మోత.