డాక్టరుగారి నల్లకారు మీద గీతలు

యతిరాజులు మద్రాసులోని పెరంబూరు రైల్వే వర్కుషాపులో ఇరవై ఆరేళ్ళుగా రంగుల షెడ్డులో పని చేస్తున్నాడు. రైలు పెట్టెలకు రంగు వేసేవాళ్ళు వేరే ఉన్నారు. వేసిన రంగు ఆరాక దాన్ని రుద్ది రుద్ది అద్దంలా తేల్చడం అతని పని. పొద్దున షెడ్డులోకి వస్తూనే, ముందురోజు తను ముగించిన పెట్టె ముందు నిలబడి అందులో చూసుకుంటూ మీసం దువ్వుకునేవాడు. మీసం సరిగ్గా కనబడకపోతే ఆ పెట్టెను మళ్ళీ మొదటినుంచీ రుద్దేవాడు. మేస్త్రీ ఎంత విసుక్కున్నా వినేవాడు కాదు.

మనిషి నెమ్మది. ఎవరి జోలికీ పోడు. ఉన్నదల్లా ఒకటే ఇబ్బంది, అబద్ధం ఆడాల్సి వస్తే అతనికి దగ్గు వచ్చేది. పెళ్ళయిన కొత్తలో భార్య కోకిల పెట్టిన చారు బాగుందని చెప్పబోయి చాలాసేపు దగ్గాడు. అప్పటినుంచి ఆమె అతన్ని వంట సంగతి అడగడం మానేసింది.

ఆ కోకిల మూలంగానే డాక్టరుగారి కారు అతనికి తగులుకుంది.

అనంతరామయ్యగారు ఆ పేటలో పేరున్న డాక్టరు. పందొమ్మిది వందల యాభై ఆరులో, స్వదేశానికి వెళ్ళిపోతున్న ఒక ఇంగ్లీషు దొర దగ్గర నల్లటి మోరిస్ కారు కొన్నారు. ఇంట్లో అప్పటికే రెండు జీవాలున్నాయి. జిమ్మీ అనే రాజపాళయం జాతి కుక్క ఆయనది. బంగారి అనే పసుపురంగు పిల్లి ఆయన భార్య వరదలక్ష్మిది. కారు వచ్చిన రోజే ఆ దంపతులకు మాటా మాటా పెరిగింది. పిల్లి గోరు కారుకు తగిలిందంటే దాన్ని గోనెసంచిలో వేసి వ్యాసర్పాడిలో ఏదో బియ్యం గిడ్డంగి దగ్గర వదిలేసి వస్తానన్నారు ఆయన. కుక్క గోరు తగిలిందంటే దాన్ని చిత్తూరులో తన తమ్ముడి ఇంటికి పంపించేస్తానంది ఆవిడ.

నెల తిరక్కుండానే బంగారి కారును సొంతం చేసుకుంది. డాక్టరుగారు బయటినుంచి రాగానే ఇంజను మీది మూత వెచ్చగా ఉండేది. అది అక్కడెక్కి పడుకుని, దిగేటప్పుడు జారుతూ గోళ్ళు దించేది. ఆ గీతలు చూసి వరదలక్ష్మికి గుండె ఆగినంత పనైంది. భజనమందిరంలో పరిచయమైన కోకిలతో చెప్పుకుంది. మా ఆయనను పంపిస్తాను, మీరు ఊరికే ఉండండి అని కోకిల హామీ ఇచ్చింది.

ఆదివారం పొద్దున డాక్టరుగారు రైల్వే ఇన్‌స్టిట్యూటుకు పేకాటకు నడిచి వెళ్ళాక యతిరాజులు వచ్చాడు. ముందు కారును నీళ్ళతో కడిగాడు. దుమ్ము ఉండగా రుద్దితే ఆ దుమ్మే కొత్త గీతలు పెడుతుంది. తర్వాత ఒక గీత మీద బొటనవేలి గోరు అడ్డంగా నడిపాడు.

“గోరు ఆడ తగులుకుంటే రంగు తెగిపోయినట్టు అమ్మా. తగల్లేదు. పైపైనే ఉండాది,” అన్నాడు.

డబ్బాలోంచి బూడిదరంగు ముద్ద కాస్త తీసి, తడి ఫ్లానెల్ గుడ్డకు పట్టించి, చంటిపిల్లవాడి వీపు రుద్దినట్టు మెల్లగా రుద్దాడు. తుడిచి మైనం పాలిష్ పట్టించాడు. గీతలు ఎక్కడుండేవో తెలియలేదు. ఆవిడ వెండిగ్లాసులో కాఫీ ఇచ్చి, ఈ సంగతి ఆయన చెవిన పడనివ్వొద్దని మరీ మరీ చెప్పింది.

ఆ బుధవారమే దవాఖానానుంచి మనిషి వచ్చి యతిరాజులును పిలిచాడు. డాక్టరుగారికి సంగతి తెలిసిపోయిందనే అనుకుంటూ అతను వెళ్ళాడు. ఆయన అతన్ని కారు కొట్టంలోకి తీసుకెళ్ళి, తలుపులు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి, కారు నడిపేవైపు తలుపు చూపించారు. ఆయన ఇల్లు చేరగానే జిమ్మీ సంతోషం పట్టలేక ముందుకాళ్ళు తలుపు మీద పెట్టి గీకేస్తుందట. వరదలక్ష్మి ఎప్పుడూ అవతలివైపు ఎక్కుతుంది కాబట్టి ఇంకా చూడలేదట.

“నీ చేతిపని గురించి విన్నాను యతిరాజులూ. మా ఇంట్లో మాత్రం తెలియకూడదు. ఈ కారు నువ్వు ఇదివరకెప్పుడూ చూసినట్టు లేదే?”

యతిరాజులుకు దగ్గు తెర కమ్ముకుంది. డాక్టరుగారు వెంటనే గుండెలకు గొట్టం పెట్టి, వీపు తట్టి, సీసానిండా ఎర్రమందు ఇచ్చారు.

అప్పటినుంచి అతనికి ఆదివారం పిల్లి, బుధవారం కుక్క. ఆదివారం నాడు వరదలక్ష్మి, ఏమయ్యా, తలుపు దగ్గర కూడా మెరుపు వచ్చిందే, అటు కూడా రుద్దావా అని అడిగితే అతను దగ్గేవాడు. ఆవిడ మిరియాల కషాయం కాచి దగ్గరుండి తాగించేది. బుధవారం డాక్టరుగారు, ముందు మూత అంత నిగనిగలాడుతున్నదేమిటి అంటే మళ్ళీ దగ్గు, మళ్ళీ ఎర్రమందు. రెండూ కడుపులో కలిసి అతనికి సగం తిండి తగ్గిపోయింది. ఇంటికొస్తే కోకిల, ఏ రోగమూ లేనివాడికి ఇద్దరు వైద్యం చేస్తా ఉండారని నవ్వేది.

నిజం చెప్పాలంటే ఆ పనంటే అతనికి ఇష్టంగానే ఉండేది. రైలు పెట్టె ఎంత మెరిసినా స్టేషను దాటి వెళ్ళిపోతుంది. ఈ కారు మాత్రం రోజూ కళ్ళముందే తిరిగేది. కానీ వినాయకచవితి వెళ్ళిన ఆదివారం, ముందు మూత అంచు దగ్గర నలుపులోంచి ఎర్రటి జీర ఒకటి తొంగిచూసింది. అది అడుగు పూత. చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఇంకొక్కసారి రుద్దితే రంగు పోతుంది, ఇంకో నాలుగుసార్లు రుద్దితే రేకు బయటపడుతుంది. తన చేత్తోనే ఒక వస్తువు పాడయ్యే రోజు వచ్చిందని అతనికి కళ్ళనీళ్ళు తిరిగాయి.

వారమంతా ఆలోచించాడు. బుధవారం దవాఖానా వైపు పోలేదు. షెడ్డులో మీసం దువ్వుకోవడం కూడా మరిచిపోయాడు. పై ఆదివారం కావాలని ఆలస్యంగా, డాక్టరుగారు పేకాటనుంచి తిరిగి వచ్చే వేళకు వెళ్ళాడు. దంపతులిద్దరూ వసారాలో ఉన్నారు. అతన్ని చూడగానే ఇద్దరి ముఖాలూ ఒకేలా పాలిపోయాయి. ఇద్దరూ చెరోవైపునుంచీ కళ్ళతో వెళ్ళిపొమ్మని సైగలు చేశారు. అతను కదల్లేదు. పైగుడ్డ చంకలో పెట్టుకుని నేలకేసి చూస్తూ మాట్లాడాడు.

“అమ్మా, సార్, ఇంక నేను ఈ కారును రుద్దలేను. రంగు తమలపాకంత మందం కూడా లేదు. మీరు ఒకదాని కోసరం, అమ్మ ఒకదాని కోసరం, ఇద్దరూ రుద్దిస్తే అదేం చేస్తాది?”

ముందుగా తేరుకున్నది వరదలక్ష్మి. జిమ్మీ ఎన్నిసార్లు గీకిందో చెప్పమంది. డాక్టరుగారు ఊరుకోలేదు, బంగారి లెక్క కూడా తేలాలన్నారు. చివరికి ఎవరి జీవం ఎక్కువ పాడుచేసిందో చూసినవాడు యతిరాజులే కాబట్టి తీర్పు అతనే చెప్పాలని ఇద్దరూ పట్టుబట్టారు. చిత్తూరా, వ్యాసర్పాడా అన్నది అతని నోట్లో ఉంది.

యతిరాజులు వాళ్ళను కారు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఈసారి దగ్గు రాలేదు.

“పిల్లి గీతలు పోయినాయి. కుక్క గీతలూ పోయినాయి. గోరుకు తగుల్కునేటివి రెండే ఉండాయి. సార్, ఈ తాళం కన్నం చుట్టూ చూడండి. కళ్ళద్దాలు పెట్టుకోకుండా తాళంచెవితో మీరు వెతుక్కున్న గీతలు. అమ్మా, అవతల తలుపు పిడి కింద ఉండేటివి మీ గాజులవి. ఆ రెండూ నా చేత కాదు.”

డాక్టరుగారు వంగి చూశారు. సరిగ్గా కనబడక జేబులోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకుని మళ్ళీ చూశారు. వరదలక్ష్మి తన చేతి గాజులకేసి చూసుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు ఆగేలా లేదని తెలిసి ఆయన కూడా నవ్వేశారు. మరి ఈ లెక్కన మనమిద్దరం ఏ ఊరు పోవాలే అని అడిగారు. చిత్తూరు, వ్యాసర్పాడి ప్రస్తావన ఆ ఇంట్లో మళ్ళీ రాలేదు. వరదలక్ష్మి పాత దుప్పట్లు కలిపి కారుకు ముసుగు కుట్టించింది. ఆ ముసుగు మీద పిల్లి, దాని నీడన కుక్క పడుకునేవి.

కార్తీకమాసం వానల్లో ఒక సాయంత్రం యతిరాజులు వర్కుషాపు గేటు దగ్గర తడుస్తూ నిలబడి ఉంటే ఆ కారు వచ్చి ఆగింది. డాక్టరుగారు ఎక్కమన్నారు. బట్టలు తడిసి ఉన్నాయని అతను వెనక్కి తగ్గాడు. ఆయన వినలేదు. ఇన్ని నెలలు ఆ కారును బయటినుంచే చూశాడు తప్ప లోపల కూర్చోవడం అదే మొదలు. సీటు కొసన ముళ్ళమీదలా కూర్చుని ఇల్లు చేరాడు. తొందరగా దిగబోతుంటే చేతిలోని కూడు క్యారియరు తలుపుకు రాసుకుని చర్రున చప్పుడైంది.

చూడకుండానే అతనికి తెలిసిపోయింది. అయినా గోరు నడిపి చూశాడు. తగులుకుంది.

“సార్, ఇది నేను గీసింది,” అన్నాడు వానలో నిలబడి.

డాక్టరుగారు ఇవతలివైపు వంగి, కళ్ళద్దాలు సర్దుకుని, ఆ గీతను శ్రద్ధగా చూశారు. తర్వాత మా ఆవిడ గాజుల గీతలకు ఇప్పటికి తోడు దొరికిందని చెప్పి, తలుపు వేసుకుని వెళ్ళిపోయారు. ఆ పైన ఆ కారు ఎదురైనప్పుడల్లా యతిరాజులు దణ్ణం పెట్టేవాడు గాని, ఆ తలుపువైపు మాత్రం చూసేవాడు కాదు.