అమ్మ మొహానికి సిమెంటు

మా నాన్న సిమెంటు విగ్రహాలు చేసేవారు. రాజమండ్రి చుట్టుపక్కల ఊళ్ళ సెంటర్లలో వేలు చూపిస్తూ నిలబడ్డ నాయకుల్లో సగం మంది మా పెరట్లో ఆరినవాళ్ళే. నేనేమో విశాఖలో శిల్పకళ చదివొచ్చి, నిలవని వాటితోనే బొమ్మలు చేస్తానని భీష్మించుకున్నాను. "నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు కదా," అనేవారు నాన్న.

అమ్మ పోయిన మరుసటి వేసవిలో, రేవు పక్కన ఒండ్రుమట్టితో అమ్మను చేశాను. మోకాలి మీద గడ్డం ఆనించుకుని, అచ్చం మా వీధరుగు మీద కూర్చున్నట్టే. వరదకి గోదారిలో ఎర్రనీరు రాగానే ఆ బొమ్మ కరిగి నీళ్ళలో కలిసిపోవాలి. నేను అనుకున్న శిల్పం అదే. నాన్నకి ముందే చెప్పాను.

ఎగువన వానలు పడుతున్నాయని పేపర్లో చూసి ఓ పొద్దున్నే రేవుకెళ్ళాను. అమ్మ మొహం బూడిదరంగులో ఉంది. సిమెంటు పాలు పూసేశారు! పక్కన బకెట్టు, కుంచె. మెట్టు మీద నాన్న.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏంటి నాన్నా ఇది? నా పనంతా పాడుచేశారు!"

"మొహం ఒక్కటేనమ్మా. మిగతాదంతా పోతే పోనీ."

"ఒళ్ళు కరిగిపోతే మొహం ఒక్కటే ఎలా నిలబడుద్ది? బోర్లా పడి బురదలో కూరుకుపోద్ది. అలా చూడగలరా?"

ఆయన కుంచె తీసి బకెట్లో పడేశారు. అమ్మకి సుస్తీ చేసిన రోజు ఆయన జంగారెడ్డిగూడెంలో విగ్రహం నిలబెడుతున్నారు. కబురంది బస్సెక్కి వచ్చేసరికి అమ్మ ప్రాణం పోయింది.

"ఊపిరుండగా చూడలేకపోయాను. ఈ మొహమైనా ఉంచుకుందామనుకున్నానమ్మా," అన్నారు.

ఏడుపొచ్చింది నాకు. అయినా తగ్గలేదు. "ఈసారి దగ్గరుండి పంపించండి నాన్నా," అన్నాను.

సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది. మొహమంతా గీకేసి కొత్త మట్టి పెట్టాను. ముక్కు ఎంతకీ కుదరకపోతే నాన్నే దిగొచ్చి బొటనవేలితో సరిచేశారు. ఆయనకి మట్టి పని రాదనుకున్నాను, పొరపాటే.

ఎర్రనీరు వచ్చిన రోజు సన్నగా వాన. అమ్మ పాదాలు ముందు కరిగాయి. తర్వాత మోకాళ్ళు. నా పంతం నెగ్గిందన్న సంతోషం లేదు, చూడలేక మొహం తిప్పుకున్నాను.

"తడిసిపోతున్నారు, ఇంటికెళ్దాం పదండి," అని నాన్న చెయ్యి పట్టుకున్నాను.

ఆయన చెయ్యి విడిపించుకున్నారు.

"నువ్వెళ్ళమ్మా. మీ అమ్మ వెళ్ళేదాకా నేనుంటాను."