లాజరస్ మాస్టారి పొడి బరువు

తడిసినదేది కనబడినా తూచడం, ఆరాక మళ్ళీ తూచడం లాజరస్ మాస్టారి యావ. ఒకసారి వానలో వచ్చిన పోస్ట్‌మ్యాన్ టోపీని కూడా వదల్లేదు.

"నలభై రెండు శాతం నీరు!" అని టోపీ తిరిగిచ్చి, "యూనివర్సిటీ ఉత్తరమేమైనా...?" అన్నారు.

"లేదండి. టోపీ ఎండబెట్టినందుకు దండాలు."

అరకు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పడానికి రాకముందు ఆయన విశాఖలో పరిశోధకుడు. హైడ్రోజన్‌తో కరెంటు పుట్టించే ఫ్యూయల్ సెల్ నడుమ వేసే పలచని పొర ఒకటి సొంతంగా తయారుచేశారు, ప్లాస్టిక్‌లో సిలికా పొడి కలిపి. ఆ పని సగంలో ఉండగా ఉద్యోగం వచ్చింది. విశాఖ రైలు కూత వినబడితే చాలు, పాఠం ఆపి కిటికీ దగ్గరికి వెళ్ళేవారు. చివరి పెట్టె మంచులో కలిసిపోయేదాకా అక్కడే నిలబడేవారు.

"ఈ పొరలో ప్రోటాన్లు నీటిని పట్టుకుని నడుస్తాయి సోములమ్మా. నీరు చాలకపోతే ఆగిపోతాయి. ఎక్కువైతే పొర ఉబ్బి చిరుగుతుంది."

"ఆటికీ దాహవేత్తాదేటి?" అంది ల్యాబ్ అటెండరు సోములమ్మ.

రెండువేల మూడు ఆగస్టులో యూనివర్సిటీ ఉత్తరం వచ్చింది. నెలాఖరుకి పొర లెక్కలు పంపకపోతే పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ రద్దు. తడి బరువు సిద్ధంగా ఉంది. పొడి బరువు కావాలంటే పొర ఒక పగలంతా ఓవెన్‌లో ఉండాలి. ఉన్నది ఒకటే ఓవెన్. అందులో ఎప్పుడు చూసినా వానకి తడిసిన ఆడపిల్లల హాస్టల్ రగ్గు.

"ఏటి సారూ ఇది?"

"ఉన్ని ఎంత నీరు పీలుస్తుందో చూడాలి."

"నిన్న సూసేరు గదా!"

"ఒక్క రగ్గుతో సిద్ధాంతం కుదరదు."

ఎల్లుండే ఆఖరి తేదీ అనగా కూడా ఓవెన్‌లో రగ్గే ఉంది. సోములమ్మకి ఒళ్ళు మండి, లెక్కల పుస్తకం లాక్కుని తెరిచింది. రగ్గుల పేజీలో ఒక్క అంకె లేదు. కూడబలుక్కుని చదివింది: "గంగ, దగ్గు. పైడితల్లి, జ్వరం. డాలీ, మళ్ళీ దగ్గు."

మాస్టారు దొంగలా చూశారు. "ఇంకో రెండే ఉన్నాయి."

ఆమె ఓవెన్ తెరిచి వెచ్చని రగ్గు బయటికి లాగింది. గిన్నెలో నానుతున్న పొరను పట్టకారుతో ఆయనకందించింది. మిగిలిన తడి రగ్గులు రెండూ నెత్తినెట్టుకుంది.

"మాయింటి పొయ్యి మీద దండెం కడతాను. బేగి పెట్టండి దాన్ని."

"ఎనభై డిగ్రీలు దాటకూడదు!" ఆయన ఆమె వెనకే వరండాలోకి పరిగెత్తారు.

"డిగ్రీలు లేవు సారూ. పొగుంటాది. పిల్లలు అదే కప్పుకుంటారు."

రైలు కూసింది. మాస్టారు కిటికీ వైపు వెళ్ళలేదు. లోపలికొచ్చి పొరను ఓవెన్‌లో పెట్టి, తలుపు మూసి, దాని ముందు స్టూలు వేసుక్కూర్చున్నారు.