మాస్టరు గీసిన నలభై

మాస్టరు కుడిచెయ్యి వణకడం మొదలైన సంగతి అందరికంటే ముందు కాజాలమ్మకే తెలిసింది. పెట్టిన పేరు వేరే ఉంది గానీ, ముప్పై ఏళ్లుగా ఆయన కటింగు బల్ల పక్కన కూర్చుని చొక్కాలకు కాజాలు కుడుతూ ఉండటంతో వీధంతా ఆవిడను అలాగే పిలిచేది. పోనుపోను మొగుడైన మాస్టరుకీ అదే అలవాటైంది. ఆ రోజు కోటు గుడ్డ మీద ఆయన గీసిన సుద్దగీత చంక దగ్గర సన్నగా అలలా తిరిగింది. ఆయన దాన్ని అరచేత్తో తుడిచేసి మళ్లీ గీశాడు. మళ్లీ తిరిగింది. ఆవిడ చూడనట్టే తల వంచుకుని సూదిలో దారం ఎక్కించుకుంది.

ఆ తర్వాత ఏడాది పాటు ఆయన చేసిన పని ఒక్కటే. మేకులకు వేలాడుతున్న, గుడ్డ మీద పరిచి కోసుకునే పాత కాగితపు నమూనాలన్నీ దించి, మందపాటి గోధుమరంగు కాగితం తెప్పించి, ఒక్కొక్కదాన్నీ కొత్తగా కొలిచి గీశాడు. కుడి మణికట్టును ఎడమచేత్తో అదిమిపట్టుకుని గీసేవాడు. చొక్కాలు, కోట్లు, ప్యాంట్లు, చంటిపిల్లల గౌన్లు అన్నీ కలిసి ముప్పై ఆరు అయ్యాయి. ప్రతిదాని మూలనా 'ఛాతీ నలభై', 'నడుము ముప్పై నాలుగు' అని పెన్సిలుతో రాశాడు. ఆఖరిది అయ్యాక కత్తెరను నూనెగుడ్డలో చుట్టి సొరుగులో పెట్టేశాడు. మెడలో టేపు మాత్రం తియ్యలేదు.

ఎవరైనా వచ్చి చెయ్యి ఎలా ఉందని అడిగితే, "చెయ్యి పోతే పోయింది. కొలత పోలేదుగా," అనేవాడు.

ఆ మాటను ఊతకర్రలా పట్టుకునే ఆయన నిలబడి ఉన్నాడని కాజాలమ్మకు తెలుసు.

వెబ్‌సైటు ఆలోచన ఆవిడ తమ్ముడిది. పక్కవీధిలో జిరాక్సు షాపు నడుపుతాడు, కంప్యూటరు పనులూ చేస్తాడు. పొట్ట పెరిగి ప్యాంటు వదులు చేయించుకుందామని వచ్చి, గోడనిండా ఉన్న నమూనాలు చూసి ఆగిపోయాడు.

"బావా, వీటినిలా వదిలేస్తే బొద్దింకలు వచ్చి కొలతలు తీసుకుంటాయి. నాకియ్యి, ఊరూరా అమ్మిపెడతాను."

"కాగితాలు అమ్ముకునే గతి పట్టిందట్రా నాకు?"

"కాగితం ఎవడిక్కావాలి? నేను అమ్మేది నీ గీత. కాగితం వాళ్లే తెచ్చుకుంటారు."

మాస్టరు ఆ పూటంతా గోడ ముందే తచ్చాడాడు. మర్నాడు పొద్దున తనే నమూనాలు చుట్టచుట్టి, దారం కట్టి, బావమరిది షాపు బల్ల మీద పెట్టి వచ్చాడు.

పెద్ద మ్యాపులు తీసే యంత్రంలో తమ్ముడు ఒక్కో నమూనానూ పంపి, ఉన్నది ఉన్న సైజులో కంప్యూటరులోకి ఎక్కించాడు. ఇళ్లలో ఉండే చిన్న ప్రింటరుకు సరిపడేలా పేజీలుగా కోశాడు. మొదటి పేజీలో రెండంగుళాల గడి ఒకటి పెట్టాడు. కొన్నవాళ్లు ముందు ఆ గడి ప్రింటు తీసి కొలుచుకోవాలి. రెండంగుళాలకు రెండంగుళాలు వస్తే ప్రింటరు పెంచలేదు, తగ్గించలేదు అని అర్థం.

మాటలు రాయడం మాత్రం కాజాలమ్మ పని అయింది. తమ్ముడు రాసుకొచ్చిన మొదటి పేజీలో 'నాణ్యతకు మారుపేరు' అని ఉంది. అది చదివి ఎవరైనా చొక్కా కుట్టగలరా అని ఆవిడ అడిగింది. దుకాణం గుమ్మంలో నిలబడి జనం ఏమడుగుతారో ఆవిడకు తెలిసినట్టు ఎవరికి తెలుసు? గుడ్డ ఎంత పడుతుంది, కొత్తవాళ్లు కుట్టగలరా, ఎన్ని పేజీలు అతికించాలి, కుదరకపోతే ఏం చేస్తారు. ప్రతి నమూనా పక్కనా ఈ నాలుగింటికీ జవాబులు పెట్టించింది. కొనకముందే చూసుకోవడానికి చొక్కాజేబు నమూనా ఒకటి ఉచితంగా ఇవ్వమంది. బరువైన ఫొటోలు పెడితే ఫోనులో పేజీ తెరుచుకునేలోపు జనం విసుగెత్తిపోతారని తమ్ముడు వాటిని కుదించాడు. ఒక్క ఫొటో మాత్రం పెద్దగా ఉంచాడు. మెడలో టేపుతో బల్ల వెనక నిలబడిన మాస్టరుది. వణికే చెయ్యి బల్ల కింద ఉంది.

భద్రత దగ్గర తమ్ముడు పెద్ద పాఠమే చెప్పాడు. డబ్బు కట్టే పేజీ బ్యాంకుదే. కార్డు నంబర్లు మన దగ్గర ఒక్క క్షణం కూడా ఉండకూడదన్నాడు. డబ్బు కట్టినవాళ్లకు వెళ్లే లింకు మూడుసార్లు తెరిస్తే చచ్చిపోతుంది. పేజీల అడుగున కొన్నవాళ్ల పేరు సన్నగా అచ్చవుతుంది కాబట్టి పదిమందికి పంచేముందు ఒకసారి ఆలోచిస్తారు. అంతా బాగానే విని, పాస్‌వర్డు మర్చిపోతానని ఆవిడ కటింగు బల్ల అంచున సుద్దతో రాసుకుంది.

"అక్కా, ఇంత చేసి తాళంచెవి తలుపుకే వేలాడదీశావు."

"చెరిపేస్తాలేరా."

"చెరపడం కాదు, మార్చు. ఇందాక గుండీలకు వచ్చినాయన చదువుకుంటూ కూర్చున్నాడు."

మార్చింది. పైగా ఫోనుకు వచ్చే అంకె కొడితే తప్ప సైటు లోపలికి పోనివ్వకుండా తమ్ముడు రెండో తాళం కూడా వేశాడు.

రెండు వారాలు ఎవరూ కొనలేదు. తర్వాత ఒకరు, ఆ వెనక ముగ్గురు. కొన్నవాళ్లు రాసిన మాటలను మధ్యాహ్నం భోజనమయ్యాక కాజాలమ్మ చదివి వినిపించేది. మాస్టరు గోడకు ఆనుకుని కళ్లు మూసుకుని వినేవాడు. ఒకటి అవగానే "తర్వాత?" అనేవాడు. ఇన్నేళ్లలో ఆయన అంత ఇష్టంగా ఏదీ వినడం ఆవిడ చూడలేదు. నమూనా గీత చాలా స్పష్టంగా ఉందని ఎవరో రాస్తే రెండుసార్లు చదివించుకున్నాడు.

అప్పటికి ఎవరూ కుట్టడం పూర్తిచేయలేదు.

నెల తిరిగాక ఒకరు భుజాలు జారుతున్నాయని రాశారు. ప్రింటరు పెంచి ఉంటుంది, గడి కొలవమను అన్నాడు తమ్ముడు. కొలిచి, సరిగ్గా రెండంగుళాలే ఉందని ఫొటో పంపారు. ఇంకొకరు చొక్కా వేలాడుతోందన్నారు. మూడోవారు కాలరులో మూడు వేళ్లు దూరుతున్నాయన్నారు. ఆ మధ్యాహ్నం మాస్టరు కళ్లు మూసుకుని ఎదురుచూస్తున్నాడు. కాజాలమ్మ ఫోను వంక చూస్తూ, "చాలా బాగా కుదిరిందట," అంది.

"కాలరు సంగతి ఏమన్నారు?"

"కాలరు నిలబడిన తీరు చూసి మా ఇంట్లో అందరూ ఎక్కడ కుట్టించావని అడిగారు, అని రాశారు."

ఆయన పెదవుల చివర్లు కొద్దిగా కదిలాయి. "తర్వాత?"

ఆవిడ ఇంకొకటి అల్లింది.

మర్నాడు తమ్ముడి షాపులో ఛాతీ నలభై చొక్కా ప్రింటు తీయించి, పేజీలు అతికించి, ఇనుప స్కేలుతో కొలిచింది. ఉండాల్సినదానికంటే అంగుళం పైచిలుకు ఎక్కువ వచ్చింది. ఇంటికి వచ్చి, మాస్టరు స్నానానికి వెళ్లినప్పుడు మేకుకు తగిలించిన ఆయన టేపు తీసి మంచం మీద పరిచింది. పక్కనే దారి మధ్యలో కొనుక్కొచ్చిన కొత్త టేపు. మొదళ్లు కలిపి పెడితే పది దగ్గర పావంగుళం తేడా ఉంది. ఇరవై దగ్గర అర. నలభై దగ్గర పూర్తిగా అంగుళం.

గుడ్డ టేపు. సాగింది.

ఎలా సాగిందో ఆవిడ ఎవరినీ అడగక్కర్లేదు. ప్రతి ఆదివారం ఆ టేపును సబ్బునీళ్లలో జాడించి, ఆరీ ఆరకముందే ఒక కొస కాలి బొటనవేలి కింద తొక్కిపట్టి, రెండో కొస లాగి పట్టుకుని, ముడత లేకుండా ఇస్త్రీ చేసి ఆయన మెడలో వేసేది. మాస్టరు మెడలో మాసిన టేపు ఉండకూడదని. దుకాణంలో ఏనాడూ తేడా రాలేదంటే, మనిషినీ గుడ్డనూ కొలిచింది ఆ ఒక్క టేపే కాబట్టి. ఇప్పుడు ఎక్కడో ఎవరో తమ టేపుతో తమను కొలుచుకుని, మాస్టరు నలభైని నమ్మి కత్తెర వేస్తున్నారు.

సంగతి విన్న తమ్ముడు ఊపిరి పీల్చుకున్నాడు. ఇది ఒక్కపూట పని, అన్నిటినీ ఒకే లెక్కన కుదిస్తే చాలన్నాడు. కొన్నవాళ్ల పేర్లూ చిరునామాలూ సైటు లోపల భద్రంగా ఉన్నాయి, అందరికీ కొత్త ఫైలు పంపొచ్చు.

"ఏమని చెప్పి పంపాలిరా?"

"చిన్న సవరణ అని పంపు. బావకు మాత్రం చెప్పకు. తట్టుకోలేడు."

ఆవిడ ఆ ఉత్తరం రాయబోయి ఆగింది, మళ్లీ రాయబోయింది. చిన్న సవరణ అని రాస్తే, పాడైన గుడ్డకు ఎవరు జవాబు చెప్పాలి? నిజం రాస్తే అది సైటులో ఉంటుంది, వీధిలోకి వస్తుంది, ఆయన చెవిన పడుతుంది. అలా పది రోజులు గడిచాయి. ఆ పది రోజుల్లో ఇంకో నలుగురు కొన్నారు. మధ్యాహ్నాలు ఆవిడ చదువుతూనే ఉంది.

పదకొండో రోజు ఆవిడ గుండీల కోసం బజారుకు వెళ్లి వచ్చేసరికి మాస్టరు దుకాణం ఫోను చెవి దగ్గర పెట్టుకుని నిలబడి ఉన్నాడు. సైటులో ఇచ్చిన నంబరు అదే. అవతల ఎవరో ఆడమనిషి గొంతు, సన్నగా, ఆగి ఆగి మాట్లాడుతోంది. కొత్తగా కుట్టు దుకాణం పెట్టుకుందట. ఒక హోటలు పనివాళ్లకు ఎనిమిది చొక్కాలు, అదే ఆమెకు మొదటి పెద్ద పని. ఎనిమిదీ వదులయ్యాయి. హోటలువాళ్లు బట్టలు మొహాన కొట్టి పని ఇంకొకరికి ఇచ్చుకున్నారు.

"ఎంత వదులమ్మా?" అని అడిగాడు మాస్టరు.

ఆమె ఏదో చెప్పింది.

"ఎనిమిదికీ ఒకే లెక్కనా?"

జవాబు విని ఆయన నెమ్మదిగా ఫోను పెట్టేశాడు. ఒక చొక్కా తేడా వస్తే చెయ్యి తప్పు. అన్నీ ఒకే లెక్కన తేడా వస్తే అది చేతి తప్పు కాదని ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. మెడలో టేపు తీసి బల్ల మీద పెట్టాడు.

"కాజాలమ్మా, కొత్త టేపు ఉందా ఇంట్లో?"

ఆవిడ సంచీలోంచి తీసి ఇచ్చింది. అంత వెంటనే ఇవ్వగలగడంలోనే ఆయనకు సగం అర్థమైపోయింది. మొదళ్లు కలిపి పట్టుకోవడానికి ఆయన వేళ్లు లొంగలేదు. ఆవిడ పట్టుకుంది. ఆయన నలభై దాకా సరిచేసుకుంటూ వెళ్లి అక్కడ ఆగాడు.

"ఎన్నాళ్లయింది నీకు తెలిసి?"

"పది రోజులు."

"మరి కాలరు గురించి రాసిందెవరు?"

ఆవిడ బల్ల అంచు వైపు చూసింది. "నేనేనండీ."

ఆయన తల ఆడించాడు. కోప్పడితే బాగుండునని ఆవిడకు అనిపించింది.

"ఇస్త్రీ చేసింది నేను," అంది. "లాగి లాగి నేనే పాడుచేశాను. మీ చెయ్యి ఎప్పుడూ తప్పలేదు. ముప్పై ఏళ్లలో మన గుమ్మం దాటిన చొక్కా ఒక్కటి వెనక్కి వచ్చిందా చెప్పండి?"

"రాలేదు. అదే టేపుతో కొలిచి అదే టేపుతో కోస్తే ఎందుకొస్తుంది?" ఆయన పాత టేపును వేలికి చుట్టబోయాడు, అది జారి కింద పడింది. "దానికి మాస్టరెందుకు? దారం ముక్కతో కొలిచినా కుదురుతుంది."

ఆ సాయంత్రమే కూర్చోబెట్టి ఉత్తరం రాయించాడు. 'మా టేపు సాగింది' అని ఆవిడ రాస్తే 'మా' తీసి 'మాస్టరు' అని పెట్టమన్నాడు. చూసుకోకుండా గీయడం మాస్టరు తప్పు అని కలిపించాడు. ఇస్త్రీ మాట ఎక్కడా రానివ్వలేదు. అందరికీ డబ్బు వెనక్కి, అందరికీ కొత్త ఫైలు, హోటలు చొక్కాలు కుట్టినామెకు గుడ్డ ఖర్చు కూడా. సైటులోంచి తన ఫొటో తీసేయమని తమ్ముడికి కబురు పంపాడు. తమ్ముడు పరుగున వచ్చి ఎంతో చెప్పిచూశాడు. ఆయన విన్నాడు, తీసేయమన్నాడు.

ఉత్తరం అందుకున్నవాళ్లలో చాలామంది మర్యాదగానే జవాబిచ్చారు. ఇంత నిజాయితీ ఎక్కడా చూడలేదని ఒకరు రాశారు. సరిచేసిన చొక్కా అచ్చం పోతపోసినట్టు కుదిరిందని ఇంకొకరు. నిజంగానే రాశారు. కాజాలమ్మ అది పట్టుకుని వెళ్లి చదవబోతే, "నువ్వు రాసిందా, వాళ్లు రాసిందా?" అన్నాడు. ఎత్తిపొడుపుగా కూడా అనలేదు. తెలుసుకుందామని అడిగినట్టే అడిగాడు. ఆవిడ చూపించబోయిన ఫోను వైపు ఆయన చూడలేదు. ఆ తర్వాత మధ్యాహ్నాలు చదవడం మానేసింది.

సైటు మాత్రం బాగా నడుస్తోంది. తమ్ముడు దుకాణం కంటే ఇదే నయమంటున్నాడు. మాస్టరు ముందుగదిలోకి రావడం తగ్గించాడు. లోపల కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, ఖాళీ చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాడు.

ఒక పొద్దున ఎవరో చేతులు ముందుకు చాస్తే చొక్కా చంక దగ్గర పట్టేస్తోంది, మాస్టరుగారిని అడిగి చెప్పండి అని రాశారు. జవాబు కాజాలమ్మకు తెలుసు. ముప్పై ఏళ్లు ఆ బల్ల పక్కనే కూర్చుంది. అయినా లేచి లోపలికి వెళ్లి అడిగింది.

"మీ తమ్ముడి మెషీనును అడుగు," అన్నాడాయన.

"మెషీనుకు చంకలుంటాయా ఏమిటి?"

వెనకటి రోజులైతే దానికి ఆయన నవ్వి, నాలుగు మాటలు కలిపేవాడు. ఇప్పుడు కుర్చీని ఇంకాస్త కిటికీ వైపు తిప్పుకున్నాడు. ఆవిడ ముందుగదిలోకి వచ్చింది. ముందుభాగం చంక గుండ్రాన్ని పావంగుళం లోతుగా తియ్యండి, చొక్కా చేతిని మాత్రం తగ్గించకండి అని టైపు చేసింది. జవాబుల కింద 'మాస్టరు' అని పెట్టడం మొదటినుంచీ ఉన్న పద్ధతి. 'మా' దాకా కొట్టింది.

"నా పేరు పెట్టకు," అన్నాడాయన లోపలినుంచి.

కొట్టిన అక్షరం చెరిపేసింది. దాని చోట ఏం పెట్టాలో చాలాసేపు ఆలోచించింది. చివరికి ఏ పేరూ లేకుండానే పంపేసింది.