రంగు కింద రాడ్లు

మదన్ మోహన్ రావు జీపు ఆయన మాట తప్ప ఎవరి మాటా వినదని జగిత్యాలలో వాళ్ల వాడకట్టంతా నమ్మేది. నమ్మించింది ఆయనే. ఆయన తండ్రి మిలిటరీ వేలంలో కొన్న జీపు అది. స్టీరింగు బెత్తెడు తిప్పితే గానీ చక్రాలకు కబురు అందేది కాదు. మలుపు రాకముందే తిప్పి పెట్టుకోవాలి. తిన్నగా పోవాలన్నా చేతులు అటూ ఇటూ ఆడుతూనే ఉండాలి. ఇంకెవరైనా ఎక్కితే బండి మొండి బర్రెలా తన దారిన తాను పోయేది. "గీ బండికి నా చెయ్యి ఎరుక," అని ఆయన మీసం తిప్పేవాడు. బండి రోగాన్ని తన విద్యగా చెప్పుకునే మనిషిని ఇందిర ఇంకొకరిని చూడలేదు.

ఇందిర ఆయన భార్య. ఆమెకు కోనరావుపేట దగ్గర తల్లి రాసిచ్చిన మామిడితోట ఉంది. తోటకు పోవాలంటే వాగులో దిగి రాళ్ల మీదుగా ఎక్కాలి. కారు పోదు, ఆటో రాదు. జీపే పోవాలి. జీపు పోవాలంటే ఆయన పోవాలి, ఆయన పోవాలంటే ఆయనకు బుద్ధి పుట్టాలి. బుద్ధి పుట్టిన రోజున ఒక్కడే పోయి, ఒక్క మాట మీద తోటంతా బేరగాడికి ఇచ్చేసి వచ్చేవాడు. కిందటేడు పచ్చడికి ఒక్క చెట్టు ఉంచమని ఆమె చెప్పి పంపితే, అది మరిచి ఆ చెట్టూ అమ్మేశాడు. అంత తోట పెట్టుకుని ఇందిర జగిత్యాల మార్కెట్లో నిలబడి, కాయ పుల్లగా ఉంటుందా అని అడిగి కొనుక్కుంది. ఆ రోజు ఆమెకు ఏడుపు వచ్చింది. ఏడవలేదు, డ్రైవింగ్ నేర్చుకుంది.

సిరిసిల్లలో ఉండే చెల్లెలి బిడ్డ భవ్య కారు మీద, మరమగ్గాల గల్లీల్లో, ఎదురొచ్చే ఆటోలను తప్పించుకుంటూ నేర్చుకుంది. చెల్లెలికి మోకాళ్ల నొప్పులని ఇంట్లో చెప్పి పోయి వచ్చేది. చెల్లెలి మోకాళ్లు నిక్షేపంగా ఉన్నాయి. లైసెన్సూ చేతికొచ్చింది. ఇక అడ్డమల్లా ఆ స్టీరింగే.

అంతలో మరిది కొడుకు సాకేత్ రావు పెళ్లి కుదిరింది. "పిల్లగాన్ని మన జీపులనే ఊరేగించాలె," అంది ఇందిర. "జర రంగేపిస్తే ఎంత ముద్దుగుంటదో!" పొగడ్తకు ఆయన ఎప్పుడూ కాదనలేదు. తనే స్వయంగా కోరుట్ల తోలుకుపోయి సామేలు షెడ్డులో అప్పజెప్పి వచ్చాడు. సామేలు గల్ఫులో ఎడారి బండ్లు బాగుచేసి వచ్చిన మెకానిక్కు. మర్నాడు ఇందిర బస్సెక్కి అదే షెడ్డుకు పోయింది.

"సామేలూ, రంగుతోని పాటు స్టీరింగు గూడ చెయ్యి. నేను తోలెటట్టు ఉండాలె."

సామేలు బండి కింద దూరి, నవ్వుకుంటూ బయటికొచ్చాడు. "అమ్మా, స్టీరింగుకెల్లి చక్రాలకు పోయే రాడ్డు వంగి విల్లయింది. కీళ్లన్నీ అరిగిపోయినయి. సారు ఇన్నొద్దులు ఎట్ల తోలిండో దేవునికెరుక! మందం రాడ్లు, కొత్త కీళ్లు ఎయ్యాలె. వాగుల రాళ్లు తగులకుంట మీదికెత్తి కట్టాలె."

"ఎయ్యి."

"సారుకు తెలిస్తే నన్ను బతకనిస్తడా?"

"రంగు సారుది, రాడ్లు నాయి. వాటికి నల్లరంగేసి మీద ఇంత బురద కొట్టు."

పని అయ్యాక షెడ్డు వెనక ఖాళీగా ఉన్న పడావు భూమిలో ఆమె తోలి చూసింది. ఎంత తిప్పితే అంతే తిరిగింది బండి. మనుమలను ఎత్తిన ఇందిర, ఎవరూ చూడటం లేదనుకుని, అక్కడే గుండ్రంగా చక్కర్లు కొట్టి పకపకా నవ్వింది. ఆ సంతోషం అంతా ఇంతా కాదు. ఇంటికి తెచ్చాక, కడుపునిండా అన్నం పెట్టి, అప్పుడు ఆయనకు మెల్లగా చెప్పాలనుకుంది.

కానీ బండి తీసుకోవడానికి ఇద్దరూ కోరుట్ల వచ్చిన రోజే బేరగాడు కొమురెల్లి ఫోన్ చేశాడు. తోటలో ఉన్నాడట, కాయ చూస్తున్నాడట.

"గిటు నుంచి గిటే కోనరావుపేట పోతున్న. బేరం తెంపి వస్త. నువ్వు బస్సుల ఇంటికి పో," అన్నాడాయన.

ఈ యేడూ తోట ఆయన నోటి మీదుగానే పోతుందన్నమాట. ఇందిర బస్సుకు పోకుండా జీపెక్కి పక్కన కూర్చుంది. "ఏమండీ, గా స్టీరింగు..." అని మొదలుపెట్టింది.

"స్టీరింగు సంగతి నాకు చెప్తవా?" అని ఆయన బండి కదిలించాడు.

ఇన్నేళ్ల అలవాటు చేతుల్ని ఊరుకోనిస్తుందా? అటు బెత్తెడు, ఇటు బెత్తెడు తిప్పాడు. జీపు రోడ్డంతా పాములా మెలికలు తిరిగింది. నయం, ఇంకా వేగం అందుకోలేదు. రోడ్డు పక్కన ఎండబోసిన మక్కజొన్న గింజల్లోకి బుస్సున దూరి ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ముందే అరిచి చెప్పనందుకు ఇందిర తనను తానే తిట్టుకుంది.

మక్కలు ఎండకు తిరగేస్తున్న మల్లక్క పార పట్టుకుని వచ్చింది. "ఓ సారూ! పొద్దుగాల్నే తాగినవా?"

"బండి ఖరాబైంది! గా సామేలుగాడు ఖరాబు చేసిండు!" అని ఆయన లేచాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది యవ్వారం.

"ఖరాబు గాలే, బాగైంది," అంది ఇందిర. "నేనే చేపిచ్చిన. మీకు చెప్పకపోవుడు నా తప్పే."

ఆయన పాత రాడ్లు మళ్లీ ఎక్కిస్తానని కేకలేస్తూ, బండిని వెనక్కి తీయబోయి ఇంకో పక్క మక్కల మీదికి ఎక్కించాడు.

మల్లక్క చక్రానికి పార అడ్డం పెట్టింది. "సారూ, నీకు దండం, దిగు. అమ్మా, నువ్వన్న తోలు, నా మక్కలు బతుకుతయి."

ఆయన దిగాడు. ఇద్దరూ పారతో మక్కలన్నీ మళ్లీ కుప్ప చేసి పెట్టాక, ఇందిర స్టీరింగు ముందు కూర్చుంది. పక్కన కూర్చుని ఆయన ఖాళీ చేతులతో గాలిలో స్టీరింగు తిప్పుతూనే ఉన్నాడు. కథలాపూర్ దాటాక చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. వాగులో దిగేటప్పుడు ఆమె గేరు తగ్గించింది. జీపు రాయి రాయినీ తడుముకుంటూ, ఆమె చూసిన వైపే పోయి గట్టెక్కింది. ఆయన ఆ చక్రాల వంకే చూస్తున్నాడు. "అబ్బ, మంచిగనే ఎక్కిందే," అని గొణిగాడు.

తోట దగ్గర కొమురెల్లి అలవాటుగా కుడిపక్క డ్రైవరు సీటు దగ్గరికి ఉరికొచ్చి దండం పెట్టబోయి, ఇందిరను చూసి నిలబడిపోయాడు. ఆమెనూ ఆయననూ మార్చి మార్చి చూశాడు.

"బేరం ఎవ్వలతోని మాట్లాడాలె సారూ?"

మదన్ మోహన్ రావు పంచెకు అంటిన మక్కల పొట్టు దులుపుకుంటూ దిగాడు.

"తోట ఆమెది. ఇన్నొద్దులు నేను డ్రైవర్ను."